అల్లుడిగారి వెనక బ్రేకులు

అల్లుడికి మర్యాద చెయ్యడం ఎలాగో మన పెద్దవాళ్ళు తరతరాలుగా చెబుతూనే వచ్చారు. గుమ్మంలో కాళ్ళకు నీళ్ళివ్వాలి, మొదటి విస్తరి అతనికే వెయ్యాలి, ఎదురు మాట్లాడకూడదు, ఇలా ఎన్నో. కాని అల్లుడి కారుకు మర్యాద చెయ్యడం ఎలాగో ఏ పెద్దవాడూ చెప్పి పోలేదు. నాకు తోచినట్టు నేను చేశాను. అది మా కొంప ముంచినంత పని చేసింది.

మాది పటేల్‌గూడ. పుట్టింది గోదావరి జిల్లాలోనే అయినా, 1984లో పొట్ట చేతపట్టుకుని పటాన్‌చెరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పారిశ్రామికవాడలో చిన్న కార్ఖానా ఒకటి. అక్కడ తయారయ్యే ఇరుసులూ బుష్షులూ కొలతకు సరిపోయాయో లేదో చూసి పంపడం నా ఉద్యోగం. మైక్రోమీటరు చేత్తో పట్టుకుని 31 ఏళ్ళు గడిపేశాను. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వస్తే చాలు, ఎర్రరంగు పూసి పక్కన పడేసేవాణ్ణి. కార్ఖానాలో కుర్రాళ్ళు నన్ను చాటుగా "నూరోవంతు" అని పిలుచుకునేవారని రిటైరయ్యాక తెలిసింది. తెలిసి కొంచెం గర్వపడ్డాను కూడా.

నేను స్థలం కొన్ననాడు పటేల్‌గూడ అంటే జొన్నచేలూ, బండరాళ్ళూ. అప్పటికిది మెదక్ జిల్లా. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. ఆ ఏడే మా పక్కనున్న అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలమన్నారు. ఇప్పుడు ఎటు చూసినా మేడలు, మేడల మధ్య కట్టబోయే మేడల కోసం పోసిన ఇసక కుప్పలు. ఆ ఇసక కుప్పలను నేను తిట్టుకోని రోజు లేదు. ఇహమీదట తిట్టను. కారణం తర్వాత మీకే తెలుస్తుంది.

మా వీధి పల్లం, మా ఇల్లు మెరక. అంచేత గేటు దగ్గర్నించి కారు లోపలికి ఎక్కడానికి సిమెంటుతో ఏటవాలు చేయించాను. నా పాత మారుతీ అమ్మేశాక చాలాకాలం ఆ ఏటవాలు మీద మా ఆవిడ వడియాలు పెట్టుకునేది.

మా అల్లుడు బెంగుళూరులో పెద్ద ఉద్యోగస్తుడు. మంచివాడు. తాగడు, పేకాడడు, పెద్దలంటే గౌరవం. ఉన్న వ్యసనమల్లా కారు ఒక్కటే. మామూలు కారు కాదు. ఎవరో మోజుపడి కొని, మోజు తీరాక అమ్మేసిన విదేశీ కంపెనీవారి వేగపు బండి. దాని పేరు చెప్పను. చెబితే ఆ కంపెనీవాళ్ళు నొచ్చుకుంటారు; నిజానికి ఈ కథలో తప్పు వాళ్ళది కాదు.

2023 దసరాకు పిల్లలు వచ్చారు. వీధి మలుపులో ఉండగానే వచ్చారని తెలిసిపోయింది. కత్తులు నూరే వాడు సాన పట్టినట్టు "కిర్రు"మని ఒకటే మోత. వీధిలో అందరూ బయటికొచ్చి చూశారు. కారు ఏటవాలెక్కి ఆగింది. నాలుగేళ్ళ మా మనవరాలు బుజ్జి దిగి నా కాళ్ళకు చుట్టుకుంది. దాని వెనకనే ఇంకోటి కూడా దిగింది - మాడు వాసన.

నేను వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఎడమవైపు చక్రం వెచ్చగా ఉంది. కుడివైపుది పెనంలా కాలిపోతోంది.

"ప్రయాణంలో బ్రేకులు కొంచెం వేడెక్కుతాయి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. "నాలుగు చక్రాలకూ డిస్కులే దీనికి."

ఆ నాలుగు డిస్కుల సంగతి పెళ్ళయిననాటి నుంచి వింటూనే ఉన్నాను. తెలియనివాళ్ళకు ఒక మాట చెబుతాను. పాత అంబాసిడర్లకూ పద్మినీలకూ ఉండేవి డ్రమ్ము బ్రేకులు. చక్రంతోపాటు తిరిగే ఇనప గిన్నె ఒకటి ఉంటుంది. దాని లోపల రెండు చెప్పులు విచ్చుకుని గిన్నె గోడను నొక్కుతాయి. డిస్కు బ్రేకు అలా కాదు. తిరిగేది ఇనప పళ్ళెం. దాన్ని రెండు వైపులా ప్యాడ్లు పట్టుకుంటాయి, పొయ్యి మీది గిన్నెను మా ఆవిడ పట్టకారుతో పట్టుకున్నట్టు. గిన్నెలో పుట్టిన వేడి లోపలే ఉండిపోతుంది. పళ్ళానికి గాలి తగులుతుంది గనక త్వరగా చల్లారుతుంది. వేగంగా పోయే బండికి డిస్కు మేలన్నది అందుకే. 1953లో ఫ్రాన్సులో 24 గంటలపాటు జరిగే లెమాన్స్ పందెంలో జాగ్వార్ కంపెనీ బండి నాలుగు డిస్కులతో గెలిచిందట. దానితో ప్రపంచమంతా డిస్కుల వెంట పడింది. ఇది అల్లుడు చెప్పిన చరిత్ర. భోజనాల దగ్గర చెబుతాడు. మేము చారు పోసుకుంటూ వింటాం.

"మరి ఇంత మంచి బ్రేకులు ఎందుకు మాడాయి నాయనా?" అని మా ఆవిడ అడిగింది. అల్లుణ్ణి ప్రశ్న అడగగల ధైర్యం మా ఇంట్లో ఆవిడకే ఉంది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆఫీసు పని మీద వీళ్ళు రెండు నెలలు దేశంలో లేరు. కారు అపార్టుమెంటు కింద చెమ్మలో, హ్యాండుబ్రేకు వేసి ఉండిపోయింది. వచ్చాక బండి తియ్యబోతే వెనక చక్రాలు కదలలేదట. గట్టిగా యాక్సిలరేటరు తొక్కితే "ఠాప్"మని విడిపోయాయట. అలా విడిపోయిన బండి మీదే నా కూతుర్నీ మనవరాల్నీ ఎక్కించుకుని బెంగుళూరు నుంచి ఇక్కడిదాకా వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. కాని అల్లుడు. "ఊఁ" అన్నాను.

పెద్ద షోరూములో అడిగితే వెనక బ్రేకుల సామానంతా మార్చాలని, పదిరోజులు పడుతుందని చెప్పారు. ఆ చెప్పిన ఖర్చు వింటే మా ఆవిడకు పొలమారింది. అప్పుడు నేను కలగజేసుకుని, "పటాన్‌చెరులో నాకు తెలిసిన మెకానిక్కున్నాడు. నా మారుతీ పదేళ్ళు అతనే చూశాడు. చెయ్యి మంచిది" అన్నాను. ఇది గుర్తుంచుకోండి. సిఫారసు నాది.

ఆ కుర్రాడిది జాతీయ రహదారి వారగా రేకుల షెడ్డు. కుర్రాడంటున్నాను గాని ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. చక్రం విప్పి, ప్యాడ్లు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. బయటివైపు ప్యాడ్ దాదాపు కొత్తదిలా ఉంది. లోపలివైపుది అరిగి అరిగి ఇనప రేకు తేలింది. ఒకే చక్రం, ఒకే జత. ఒకటి బొద్దుగా, ఒకటి బక్కగా, సవతి పిల్లల్లా ఉన్నాయి.

"గిది సూడుండ్రి సార్" అంటూ ఒక వేలెడు కడ్డీని లాగబోయాడు. అది రాలేదు. నూనె పోసి, సుత్తితో తట్టి, పది నిమిషాలు తంటాలు పడితే ఊడొచ్చింది. తుప్పు. "గీ పిన్ను మీద క్యాలిపర్ అటిటు జరగాలె. జరుగుతలేదు. పిస్టన్ లోపటి ప్యాడ్‌నే నూకుతది, బయటిది ఊకె కూసుంటది. బ్రేక్ ఇడిసినంక గూడ లోపటిది డిస్క్‌కు రాసుకుంటనే ఉంటది. గందుకే గరమైంది."

బళ్ళు పరుగెత్తే గీరలో ముందు చక్రాలను మెచ్చుకుంటాం గాని వెనక వాటి బతుకు ఎవరికీ పట్టదు. బ్రేకు గట్టిగా తొక్కితే బండి బరువంతా ముందుకు మొగ్గుతుంది. అప్పుడు ఆపే పనిలో ముప్పాతిక వంతు ముందు బ్రేకులే చేస్తాయి. వెనక్కి మిగిలేది పావు వంతు. చేతినిండా పని లేని చోట తుప్పు చేరుతుంది, పని ఉన్నచోట చేరదు. ఎప్పుడో ఒకసారి మెల్లిగా బజారుకు పోయి వచ్చే వేగపు బండికి మరీ ముప్పు; రోజూ ఘాట్లెక్కే బండికి ఈ రోగం తక్కువ. అమెరికాలో 1965లో కార్వెట్ అనే బండికి నాలుగు డిస్కులూ పెట్టారు. దాని యజమానులకూ ఇదే గోల. షెడ్లో దాచుకుంటే పిస్టను గూళ్ళు తుప్పుపట్టి బ్రేకునూనె కారేది. చివరికి ఆ గూళ్ళను తొలిచి, తుప్పుపట్టని ఉక్కు గొట్టాలు లోపల బిగించుకున్నారు. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైపుకైతే వెనక డిస్కులు చక్రాల దగ్గర కాకుండా నడిమధ్య, డిఫరెన్షియల్ పక్కనే ఇరికించారు. అక్కడికి గాలి ఆడదు. డిస్కుల వేడికి నూనె ఆపే సీళ్ళు ఎండిపోవడం, కారిన నూనె డిస్కుల మీద పడడం, బాగు చెయ్యాలంటే మెకానిక్కు బండి కిందికి దూరి నానా అవస్థా పడడం. అంత అందమైన బండి అడుగున అంత దుఃఖం ఉంది. మా అల్లుడు ఒక్కడే కష్టపడలేదని చెప్పడానికే ఈ పురాణం.

మా కుర్రాడు పిన్నులు రాపిడి చేసి గ్రీజు పెట్టాడు. డిస్కులు పల్చబడి ఉంటే మార్చాలన్నాడు. నేను ఇంటి నుంచి నా మైక్రోమీటరు తెచ్చి కొలిచి, ఇంకా బతికే ఉన్నాయని తీర్పు చెప్పాను. కొత్త ప్యాడ్లు వేసేముందు పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి కదా. ముందు చక్రాలకైతే బిగింపుతో అదిమితే పోతుంది. వెనక మాత్రం హ్యాండుబ్రేకు మర కూడా అదే పిస్టను లోపల ఉంది. దాన్ని మరమేకులా తిప్పుతూ నొక్కాలి. ఊరికే అదిమితే లోపలి మర చెడుతుంది. అతను దానికి ప్రత్యేకమైన పనిముట్టు తీసి, ఓపిగ్గా తిప్పుతూ పంపాడు. నేను పక్కనే నిలబడి కళ్ళారా చూశాను. ఇదీ గుర్తుంచుకోండి.

కూలి 1,200 రూపాయలు పుచ్చుకున్నాడు. "కొత్త ప్యాడ్లు డిస్క్ మీద మంచిగ కూసోవాలె సార్. ఖాళీ రోడ్డు మీద కొంచెం స్పీడ్ పోయి, పది పదిహేనుసార్లు గట్టిగ బ్రేక్ కొట్టుండ్రి" అని చెప్పాడు.

మర్నాడు సాయంత్రం నేనూ అల్లుడూ సుల్తాన్‌పూర్ వైపు ఔటర్ రింగురోడ్డు పక్కనున్న దారి మీదికి పోయాం. వెనకా ముందూ చూసుకుని అతను వేగం పెంచడం, బ్రేకు తొక్కడం, పెంచడం, తొక్కడం. నా నడుం బెల్టుకు వేళ్ళాడింది. ఆ కుదుపుల మధ్యనే అల్లుడు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెం కబుర్లు చెప్పాడు. అవి కరెంటు బళ్ళు. వాటికి వెనక చక్రాలను పట్టి ఆపే మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవట! నడిపించే మోటారే ఆపేటప్పుడు తిరగబడి కరెంటు తయారుచేస్తుందట. ఆ లాగుడుకే బండి నిదానిస్తుందట. వెనక బ్రేకులతో ఇంత బాధ పడ్డవాళ్ళు చివరికి ఇలా పీడ వదిలించుకున్నారన్నమాట, అనుకున్నాను.

ఇంటిదారి పట్టాం. వీధి మలుపులో అల్లుడికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఈ కాలపు ఉద్యోగస్తులు ఫోను మాట్లాడితే కూర్చుని మాట్లాడలేరు, నడవాలి. దిగుతూ, "మామయ్యగారూ, కాస్త లోపల పెట్టేస్తారా?" అన్నాడు.

ఆ మాటకు నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అల్లుడు తన కారు తాళం చేతికివ్వడమంటే మాటలా? నెమ్మదిగా నడిపి, ఏటవాలు ఎక్కించి ఆపాను. గేరు న్యూట్రల్లోకి తెచ్చాను. హ్యాండుబ్రేకు లాగాను. ఒక టిక్కు. రెండు టిక్కులు. అక్కడ ఆగిపోయాను. నా మారుతీకైతే ఆరేడు టిక్కులు, భుజం నొప్పి పుట్టేదాకా లాగేవాణ్ణి. ఇది అల్లుడిగారి బండి. గట్టిగా లాగితే ఏం తెగుతుందో, ఏం మాట వస్తుందో! మెత్తగా, మర్యాదగా రెండు టిక్కులు. గేరు కూడా వెయ్యలేదు. బండి కదల్లేదు. దిగిపోయాను.

గేటు తీసే ఉంది. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలు తెచ్చుకునే వేళ. తంగేడుపూలూ గునుగుపూలూ పళ్ళేలకెత్తి ఎదురింటి వాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు. బుజ్జి తన మూడు చక్రాల సైకిలు గేటు ముందు అటూ ఇటూ తొక్కుతోంది. నేను లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. మా ఆవిడ "గోరింటాకు పెడతా రావే" అని బుజ్జిని కేకేసింది. అది సైకిలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

కాఫీ సగం తాగాను. బయట ఎవరో కెవ్వుమన్నారు. ఆ తర్వాత నలిగిన చప్పుడు.

నేను వెళ్ళేసరికి ఏటవాలు మీద కారు లేదు. వెనక్కి దొర్లి, గేటు దాటి, వీధి దాటి, ఎదురుగా కట్టబోయే మేడ కోసం పోసిన ఇసక కుప్పలో వెనక చక్రాలు కూరుకుని నిలబడింది. బంపరుకు చిన్న గీత తప్ప దానికేమీ కాలేదు. గేటు ముందు బుజ్జి సైకిలు అప్పడంలా పడి ఉంది. ఎర్రరంగు సీటు ఒక్కటే ఇంకా ఆకారంతో మిగిలింది.

మా అమ్మాయి గోరింటాకు ముద్ద చేతుల బుజ్జిని ఎత్తుకుని, ఆ సైకిలు వైపు చూస్తూ నిలబడిపోయింది. ఏడవలేదు. కేకలెయ్యలేదు. బిడ్డను పట్టుకున్న చేతులు మాత్రం వణుకుతున్నాయి.

"ఆ మెకానిక్కు వెధవ ఏం చేశాడో!" అంది మా ఆవిడ.

అప్పుడు నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "అవును, వాడి పనే అయుంటుంది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కారు ఆపింది అల్లుడే అనుకుంటున్నారు అందరూ. నేను ఆపానని తెలిసినవాడు అతనొక్కడే. అతను నాకేసి ఒక్కసారి చూసి, కళ్ళు దించుకుని, "రేపు పొద్దున్నే అతని దగ్గరికి వెళ్దాం మామయ్యగారూ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడకూ పట్టలేదు. లేచి రెండుసార్లు బుజ్జి పక్కకెళ్ళి దుప్పటి సర్దొచ్చింది.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాం. దారిపొడుగునా నేను మనసులో కోపం తెచ్చుకుంటూ వెళ్ళాను. నిజమైన కోపం దానంతట అదే వస్తుంది. తెచ్చుకోవలసి వచ్చిందంటేనే అందులో ఏదో లోపం ఉందన్నమాట.

కుర్రాడు అంతా విన్నాడు. మొహం పాలిపోయింది. "పాప మంచిగున్నదా సార్?" అని ముందు అదే అడిగాడు. తర్వాత, "బండి ఎవరు ఆపిండ్రు?" అన్నాడు.

"నేనే" అన్నాడు అల్లుడు.

నేను అతని మొహం చూశాను. అతను నావైపు చూడలేదు. ఎదురు మాట్లాడకుండా ఉండడం అల్లుడి పట్ల మామకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మామ పట్ల అల్లుడు కూడా అంత మర్యాద చెయ్యగలడని తెలియదు.

"హ్యాండ్‌బ్రేక్ ఎన్ని టిక్కులు గుంజిండ్రు?"

అల్లుడికి ఆ లెక్క తెలియదు కదా. తడుముకుని, "ఐదారు" అన్నాడు. "గేరుల వెట్టిండ్రా?" "పెట్టాను."

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఐదారు గుంజి, గేరుల గూడ వెడితే బండి కదలొద్దు. అయితే నా పనిల్నే ఏదో తప్పున్నది సార్" అన్నాడు. గల్లాపెట్టె తెరిచి 1,200 రూపాయలు తీసి అల్లుడి ముందు పెట్టాడు. అల్లుడు వద్దన్నాడు. "కాదు సార్, చిన్నపిల్ల ఉన్న ఇల్లు" అంటూ జాకీ తెచ్చి, పండగపూట చేతిలో పని పక్కనబెట్టి, మళ్ళీ మొదటినుంచి విప్పడం మొదలెట్టాడు. తాను చేసిన ప్రతి పనీ తానే అనుమానిస్తూ పిన్ను చూశాడు. కేబులు చూశాడు. మర తిప్పి చూశాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటున్నాడు.

ఆ అవస్థను నేను స్టూలు మీద కూర్చుని ఒక గంట చూశాను. గంట! కార్ఖానాలో ఎవరి తప్పయినా క్షణంలో ఎర్రరంగు పూసినవాణ్ణి.

చివరికి అతను రెండో చక్రం విప్పబోతుంటే, "ఆగవయ్యా" అన్నాను. "బండి ఆపింది నేను. లాగింది రెండే టిక్కులు. గేరులో పెట్టలేదు."

షెడ్డులో రేడియో పాట తప్ప మరో చప్పుడు లేదు. అల్లుడు డిస్కు వైపే చూస్తున్నాడు. కుర్రాడు పానా కింద పెట్టి, నిట్టూర్చి, "ముందుగాల్నే చెప్పొద్దా సార్?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బావుండేది.

"మరి నేను దిగినప్పుడు బండి కదల్లేదే! కాఫీ సగం తాగేదాకా నిలబడే ఉంది కదా?" అన్నాను.

అప్పుడతను మాకు చూపించాడు. చక్రం బిగించి, రహదారి మీదికి తీసుకెళ్ళి, బ్రేకులు కాలేలా నడిపి తెచ్చాడు. షెడ్డు ముందున్న వాలు మీద ఆపి, రెండు టిక్కులు లాగి, న్యూట్రల్లో పెట్టాడు. వెనక చక్రానికి అర అడుగు దూరంలో పెద్ద రాయి పెట్టించాడు. "చాయ్ తాగుదాం" అన్నాడు. తాగాం. బండి బొమ్మలా నిలబడింది. పావుగంట గడిచింది. ఇంకో అయిదు నిమిషాలు. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే, దొంగ నిద్రలోంచి లేచినట్టు, "కటక్"మని బండి మెల్లగా వెనక్కి జరిగి రాయికి ఆనుకుంది.

"డిస్క్ గరమున్నప్పుడు ఉబ్బుతది సార్. సల్లవడ్డంక సన్నవడతది. పట్టు ఢీలా అయితది. గట్టిగ గుంజితె కేబుల్ల తన్నుకునే జోరు ఉంటది గనుక సన్నవడ్డా ఇడువది. మీరు గుంజిన రెండు టిక్కులకు జోరేడిది?"

డ్రమ్ములకు ఇది తిరగబడుతుంది. చల్లారే గిన్నె కుంచించుకుని లోపలి చెప్పులను ఇంకా బిగిస్తుంది. నా పాత మారుతీ వెనక డ్రమ్ములవి. అవి నా అజ్ఞానాన్ని ఇన్నేళ్ళు కాపాడుకొచ్చాయి. కొన్ని వేగపు బళ్ళకు డిస్కు నడిమధ్య చిన్న డ్రమ్ము దాచి హ్యాండుబ్రేకు దానికి కలుపుతారట. కొన్ని కొత్త బళ్ళలో మీట బదులు మోటారే లాగుతుంది, డిస్కు చల్లారాక మళ్ళీ ఒకసారి బిగిస్తుంది. మా అల్లుడి బండికి ఆ సదుపాయాలు లేవు. దాన్ని మనిషే లాగాలి.

ఇంటికొచ్చి పాత నోటుపుస్తకం తీసి లెక్క కట్టాను. వెనక డిస్కు మందం సుమారు 10 మిల్లీమీటర్లు. పోత ఇనుము ప్రతి డిగ్రీకి ఎంత వ్యాకోచిస్తుందో నాకు కంఠతా వచ్చు. 200 డిగ్రీలు చల్లారితే 0.022 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే నూటికి రెండు వంతులు పైచిలుకు. తల వెంట్రుక మందంలో మూడో వంతు. 31 ఏళ్ళు దేనికి ఎర్రరంగు పూశానో, సరిగ్గా అదే.

లెక్క సరిపోయింది గాని పని అయిపోలేదు. వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ పులిహోర కలుపుతోంది. "బుజ్జిని నేను కేకేసి అయిదు నిమిషాలు కాలేదండీ" అంది. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం వేళకిచ్చింది, గ్లాసు కొంచెం గట్టిగా బల్ల మీద పెడుతూ. అమ్మాయి వచ్చి, "పోనీలే నాన్నా" అంది. అది "పోనీలే" అన్న తీరు చూస్తే పోలేదని తెలుస్తూనే ఉంది.

కుర్రాడికి 1,200 తిరిగి ఇచ్చి, పాడైన పండగ పూటకు మరికొంత ఇవ్వబోయాను. 1,200 తీసుకున్నాడు. మిగతాది తీసుకోలేదు. మా ఆవిడ డబ్బా నిండా సకినాలు పంపితే మాత్రం అక్కడే మూత తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

దసరానాడు బళ్ళకు పూజ చేస్తాం కదా. కారుకు పసుపు పూసి, కుంకం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ షెడ్డులోని రాయిలాంటిదే ఒకటి నేను వెతికి తెచ్చి వెనక చక్రం కింద పెట్టాను. బుజ్జి దానిక్కూడా బొట్టు పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. పెట్టాం. ఆ రాయి ఇప్పటికీ మా గేటు పక్కనే ఉంది. బుజ్జి దాన్ని "కారు పీట" అంటుంది.

మళ్ళీ సంక్రాంతికి వచ్చారు. ఈసారి మోత లేదు, మాడు వాసన లేదు. వీధి మలుపులో కారు ఆగింది. అల్లుడు దిగి వచ్చి, నేను నడవలో నిలబడి ఉంటే, తాళం నా చేతిలో పెట్టి, "మీరే లోపల పెట్టండి మామయ్యగారూ" అన్నాడు. ఫోనేమీ రాలేదు. ఊరికే అన్నాడు.

వెళ్ళి కూర్చున్నాను. అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. మా ఆవిడ బుజ్జి చెయ్యి పట్టుకుని అరుగు మీద నిలబడింది. ఏటవాలు ఎక్కించాను. మొదటి గేరు వేశాను. హ్యాండుబ్రేకు పట్టుకుని, వీధంతా వినపడేలా లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

"ఏడు కూడా లాగండి" అంది అరుగు మీంచి మా ఆవిడ.